కుండలోని నాణెములు

పొలము దున్నునపుడు కుండెడు వెండి బయటపడినచో మనవారికి మొదట జ్ఞప్తికి వచ్చునది కంసాలి కుంపటి. మూసలో పడిన నాణెమునకు తూకమే మిగులును.

1906లో నాసిక్ జిల్లా జోగళ్‌తంబి గ్రామమున పదమూడు వేలకు పైగా వెండి నాణెములు ఒక్కచోట దొరికినవి. అవి క్షహరాత రాజగు నహపానునివి. వానిలో తొమ్మిది వేలకు పైగా నాణెములపై శాతవాహనుడైన గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించినాడు. పెక్కింటిపై ఆ ముద్రక్రింద ఓడిన రాజు ముఖము నేటికిని కానవచ్చును. ఎవరు ఎవరిని జయించిరో చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను? ఆ వెండి కడియములై పోయినచో ఈ మాట మనకు దక్కెడిది కాదు.

సేకరించువారు నాణెమును చింతపండుతో తోమవలదు. అరిగిన అక్షరము మరల రాదు. ఎచ్చట, ఎంత లోతున, వేనితో కలిసి దొరికెనో వ్రాసి ఉంచవలెను. బంగారు మాడ యైనను అంతే.

నేలలో దొరికిన నిధి పది రూపాయల విలువ మించినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము. తెలిపినచో అంతయు పోవునని కొందరి భయము. ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో లోహపు విలువకు మరి ఐదవ వంతు చేర్చి ఇయ్యవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. కంసాలి అంత ఇచ్చునా?