తాలూకా పోయింది, మనం మిగిలాం

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా సామర్లకోటలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను "మార్పును తట్టుకోవడం ఎలా" అన్న విషయం మీద మాట్లాడమన్నారు. నేను పండితుణ్ణి కాను. ముప్పై అయిదేళ్లు రెవెన్యూ శాఖలో గుమాస్తాగిరీ చేసి 2009లో రిటైరైనవాణ్ణి. ఉపన్యాసం చెప్పడం నాకు చేతకాదు. కళ్లారా చూసినది ఒకటి చెబుతాను.

ఈ రోజు మనకు పండుగ ఎందుకైందో మీకు తెలుసు. 1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని తేల్చింది. ఆ తీర్పు వచ్చి రెండు నెలలైనా కాలేదు, మన రాష్ట్రంలో పిడుగు పడింది. 1983 ఫిబ్రవరిలో పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించారు. 55 నిండినవారంతా ఆ నెలాఖరుకే ఇంటికి వెళ్లాలి. రాష్ట్రం మొత్తం మీద వేలమంది ఒక్క రోజున కుర్చీలు ఖాళీ చేశారు.

అప్పుడు నేను ఒక తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.ని. మా హెడ్డు గుమాస్తా గారికి సరిగ్గా 55 నిండాయి. వైశాఖంలో పెద్దమ్మాయి పెళ్లి పెట్టుకున్నారు. కుర్రవాడు కాలేజీలో ఉన్నాడు. ఇంటికి గోడలు లేచాయి, పైకప్పు పడలేదు. ఇంకా మూడేళ్లు జీతం వస్తుందన్న ధీమాతో చేసిన పనులవి. జి.ఓ. చదివి, మడిచి, ఫైలులో పెట్టి, ఆ రోజు తపాలా అంతా పూర్తి చేశాకనే లేచారాయన. బంట్రోతు గొడుగు తెచ్చి చేతికిస్తే పుచ్చుకొని బస్సు స్టాండుకు నడిచి వెళ్లిపోయారు.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. పైవాళ్లు పోతే కిందివాళ్లం తలో మెట్టు ఎక్కాం. నాకు యు.డి.సి. ప్రమోషను వచ్చింది. ఆ సాయంత్రం కాకినాడ కాజాలు కొని ఇంటికి పట్టుకెళ్లాను. మా ఆవిడ "ఏమిటండీ విశేషం?" అంటే ప్రమోషనన్నాను గానీ, అది ఎవరి నోటి దగ్గర కూడో చెప్పలేదు. ఆ కాజా నాకు చాలాకాలం గొంతులో అడ్డుపడింది.

హెడ్డు గుమాస్తా గారు ఒక రైసు మిల్లులో చిట్టా రాయడానికి కుదిరారు. పెళ్లి ఆగలేదు, కాస్త క్లుప్తంగా చేశారంతే. ఇంటి కప్పుకు మాత్రం తాటాకే గతైంది. ఈలోగా 1984 ఆగస్టులో వయస్సు మళ్లీ 58కి పెంచారు. మధ్యలో బయటికి పోయినవాళ్ల సంగతేమిటి? కోర్టుల చుట్టూ తిరిగారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు, ఆ తగ్గింపు చెల్లుతుందనే చెప్పింది. అయినా మనవాళ్లు వదలలేదు. అదే సంవత్సరం మరో తీర్పులో, మధ్యలో నలిగిపోయిన వాళ్లకు న్యాయం జరిగింది. ఇంకా 58 నిండనివారిని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమన్నారు.

అలా మా పెద్దాయన తిరిగి వచ్చారు. ఆయనకు మిగిలిన సర్వీసు మూడు నాలుగు నెలలు. తీరా వచ్చి చూస్తే ఏముంది? 1984 జనవరిలో కరణాలు, మునసబులు పోయారు. 1985లో తాలూకాలు పోయి వెయ్యికి పైగా మండలాలొచ్చాయి. ఆయన ముప్పై ఏళ్లు రాసిన లెక్క, పిలిచిన మనిషి, కట్టిన దస్త్రం ఏదీ యథాస్థానంలో లేదు.

మొదటి రోజునే నా బల్ల పక్కకు కుర్చీ లాక్కొని, "ఏమోయ్, తాలూకా పోయిందటగా. ఈ మండలం పద్ధతి నాకు కాస్త నేర్పు" అన్నారు.

"నేను మీకు నేర్పడమేమిటండీ" అన్నాను.

"నీకు తెలిసింది నాకు తెలియదు. అడగడానికి సిగ్గుపడ్డానంటే ఈ నాలుగు నెలలూ గోడకు కొట్టిన సున్నమే" అన్నారు. ఒక నోటుబుక్కు పెట్టుకొని, నాబోటి వాడు చెప్పినది బుద్ధిగా రాసుకున్నారు.

1986 ఫిబ్రవరిలో ఆయన రెండోసారి రిటైరైన రోజున ఆ కాజాల సంగతి ఆయనకు చెప్పేశాను. నవ్వి, "నీ చోట నేనున్నా కొనేవాణ్ణే. కాకపోతే నాకూ ఒకటి పెట్టవలసింది" అన్నారు. అంతే. ఆ మాటతో నా బరువు దిగిపోయింది.

సోదరులారా, తరువాత మనమూ ఎన్నో చూశాం. మన బల్లల మీదికి కంప్యూటర్లు వచ్చాయి. 2004 సెప్టెంబరు నుండి చేరిన పిల్లలకు మన పాత పెన్షను లేకుండా పోయింది. 2014లో రాష్ట్రం రెండైంది. 2022 ఏప్రిల్లో నేను ఇల్లు కదలకుండానే తూర్పు గోదావరి నుండి కాకినాడ జిల్లాకు బదిలీ అయ్యాను, టి.ఎ., డి.ఎ. లేకుండా! కదలనివాడు మన భీమేశ్వరుడొక్కడే.

ఆ మధ్య జీవన ప్రమాణ పత్రం కోసం వెళ్తే నా వేలిముద్ర పడలేదు. కలం పట్టిన వేళ్లు అరిగిపోయాయట. బతికున్నానని రుజువు చెయ్యలేక నిలబడితే, మనవరాలి వయస్సున్న అమ్మాయి, "తాతగారూ, ఫోనుకు ముఖం చూపిస్తే చాలు" అంది. నాకు మొదట రోషం వచ్చింది. వెంటనే పెద్దాయన నోటుబుక్కు గుర్తుకొచ్చింది. "ఎలా చేశావో ఇంకోసారి నెమ్మదిగా చూపించమ్మా" అని రాసుకున్నాను. మరుసటేడు నాదీ, మా వీధిలో ఇంకో ఇద్దరిదీ నేనే చేశాను.

కనుక నా మనవి రెండే ముక్కలు. తెలియనిది చిన్నవాళ్లనైనా అడగండి. తెలిసినది ఇంట్లో చెప్పండి. మన పెన్షను కాగితం ఎక్కడుందో, ఫ్యామిలీ పెన్షనుకు ఎవరికి అర్జీ పెట్టాలో మన ఇల్లాళ్లలో ఎంతమందికి తెలుసు? ఈ రాత్రి భోజనాలయ్యాక ఆ ట్రంకుపెట్టె తెరిచి, ఆవిడను పక్కన కూర్చోబెట్టి చూపించండి. అశుభం అనుకోకండి. రేపు ఏ జి.ఓ. వస్తుందో మనకు తెలియదు, పైవాడి తాఖీదు ఎప్పుడొస్తుందో అసలే తెలియదు.

పోతే, ఇంట్లో ఉద్యోగం పోయిన కుర్రవాడుంటే, "మా రోజుల్లో" అని మొదలుపెట్టకండి. పక్కన కూర్చోండి, చాలు. 1983లో మా పెద్దాయన పక్కన ఆ సాయంత్రం బస్సు స్టాండు దాకా నేను నడిచి ఉండవలసింది. నడవలేదు.

 బయట కాజాలు పెట్టించాను. అందరూ తలొకటి తీసుకొని మరీ వెళ్లండి. సెలవు.