పాతనగల వేలములు – మన వృత్తిధర్మము

 

ఈ వార్షిక మహాసభయందు నాలుగు మాటలు పలుకవలసినదని కార్యదర్శిగారు నన్ను గోరినప్పుడు, విశ్వకర్మ మహిమను గూర్చియో, పంచశిల్పముల ప్రాచీనతను గూర్చియో ప్రసంగింతునని వారు తలచి యుందురు. ఆ విషయములు మీరు ప్రతివత్సరమును వినుచునే యున్నారు. నేను బడిలో సంస్కృతాంధ్రములు బోధించి విరమించినవాడను. కొలిమి ముందు కూర్చుండి యెరుగను. అయినను మా తండ్రిగారి యొరగల్లు నేటికిని నా పుస్తకముల నడుమ నున్నది. ఆ రాయిని జూచుచు వ్రాసికొనిన మాటలివి. పాతనగలను వేలమువేయుటలో నేడు జరుగుచున్న వంచన యేమి, అందులో మన చేతులెంతవరకు చిక్కుకొని యున్నవి యనునది నా ప్రసంగవిషయము.

మనము కూడియున్న యీ సీమ సామాన్యమైనది కాదు. 2022 ఏప్రిల్ 4 వ తేదీన నంద్యాల ప్రత్యేక జిల్లా యైనది. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన దేవతామూర్తులు దూరదేశముల యాలయములలో బూజ లందుకొనుచున్నవి. శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు గోవులను గాచిన బనగానపల్లె మన జిల్లాలోనిదే. సరిహద్దు దాటినచో బంగారు వర్తకమునకు బేరుపడిన ప్రొద్దుటూరు. రాయియు, బంగారమును రెండును మనకు అన్నము పెట్టినవే. అయితే రాతిలో బీట యున్నయెడల ఉలి తగిలినప్పటి ధ్వని చేతనే శిల్పి గ్రహించును. బంగారములోని బీట చెవికి వినబడదు. అది కొనువాని కంటికిని గానరాదు. కావుననే లోకము మన మాటను నమ్మవలసి వచ్చినది.

2025 వ సంవత్సరమున పదిగ్రాముల మేలిమి బంగారము వెల లక్షరూపాయలను దాటినది. పెండ్లి తలపెట్టిన తల్లిదండ్రులు క్రొత్తనగల యంగడి మెట్లెక్కుటకు జంకుచున్నారు. తరుగు, మజూరి, పన్ను కలిపి చూచునప్పటికి గుండె గుభిల్లుమనుచున్నది. అందుచే జనుల దృష్టి పాతనగలపై బడినది. ఇవి దొరకు వేలములు రెండు తెరగులు. మొదటిది, అప్పు తీర్పలేనివారి తాకట్టు నగలను బ్యాంకులును, అప్పుల కంపెనీలును వేయు వేలము. రెండవది, చేతిఫోనులో నడచు అంతర్జాలపు వేలము.

మన చిన్ననాటి వేలముపాట మీకు జ్ఞప్తియున్నదా? చావడి ముందర నలుగురును జేరెడివారు. పాడువాని మొగము అందరికిని గానవచ్చెడిది. వాని తాహతెంతయో, వానికా వస్తువుతో బనియేమో యూరెరుగును. బావమరది చేత దొంగపాట పాడించినచో వెనుకనున్న ముసలివాడొకడు దగ్గెడివాడు. ఆ దగ్గుతో పాట యాగెడిది. ఒకటవసారి, రెండవసారి, మూడవసారి యని పలుకుటలోని యంతరార్థము, కొనువానికి మరల నాలోచించుకొనుట కవకాశ మిచ్చుటయే. ఫోనులో నీ మూడును లేవు. మొగము గానరాదు, దగ్గువాడు లేడు, ఆలోచనకు వ్యవధి లేదు. గడియారపు టంకెలు మాత్రము తగ్గుచుండును.

ఇక నొక వృత్తాంతము విన్నవించెదను. ఇందులోని వారి పేర్లు చెప్పను. ఆళ్లగడ్డ ప్రాంతపు రైతుకుటుంబములోని తల్లి యొకతె కుమార్తె పెండ్లికై ఫోనులో కెంపుల అడ్డిగ నొకదానిని వేలములో బాడుకొన్నది. నాలుగు తులములని యందు వ్రాసియుండెను. పాట ముగియునప్పటికి ఇరువదిమూడు పాటలు నమోదైనవి. నగ చేతికి వచ్చినపిదప సందేహము తోచి, మన కులములోని యొక యువకుని యొద్దకు తూకము చూపుటకై తెచ్చినది. అతడు నా పూర్వవిద్యార్థి. నగను త్రాసులో నిడినాడు: సరిగా నలువది గ్రాములు. రాళ్లు, లోపలి లక్క తీసివేసినాడు: ముప్పదిమూడు గ్రాములు. గీటురాయిపై గీసినాడు: ఇరువది కారట్లు.

ఈ లెక్కను బిల్లలు సైతము చేయగలరు. ఇరువదిరెండు కారట్ల బంగారములో మేలిమి నూటికి 91.6 పాళ్లు. నలువది గ్రాములకు ముప్పదియారున్నరకు బైగా మేలిమి యుండవలెను. ఆమె చేతిలోనిది ముప్పదిమూడు గ్రాములు, ఇరువది కారట్లు. అందలి మేలిమి యిరువదియేడున్నర గ్రాములు. తొమ్మిదిగ్రాముల మేలిమికి ఆమె ఉత్త పుణ్యమునకు సొమ్ము చెల్లించినది. ఇది తూకములోని మోసము. పాటలోని మోసము వేరు.

ఆ యడ్డిగను జూచిన క్షణముననే మా శిష్యుడు దానిని గుర్తుపట్టినాడు. ఏలయన, దానిపై బాడినవాడతడే. అమ్మకందారొకడు వానికి పాట యొక్కింటికి నూరురూపాయలిచ్చి, వెల పెంచుటకై నియమించుకొని యుండెను. ఆ యిరువదిమూడు పాటలలో పదకొండా తల్లివి, తొమ్మిది వీనివి. తక్కిన మూడును పాడినవారు మొదటనే విరమించుకొనిరి. అనగా ఆమె పోటీపడినది తన నగను దూచుటకు తాను నమ్మి వచ్చిన కంసాలితోనే!

వాడా రాత్రి మా యింటికి వచ్చి కన్నీరు పెట్టుకొన్నాడు. నేను మందలించితిని. వాడు తలవంచుకొని యిట్లనెను: “అయ్యవారూ, యంత్రములతో అచ్చుపోసిన నగలు వచ్చినవి. ఆరునెలలుగా నా కొలిమిలో నిప్పు లేదు. పాడి ఊరుకొనుటయే గదా, నేను దొంగిలించినదేమి అనుకొంటిని.” మరునాడు మేమిద్దరమును ఆ గ్రామమునకు బోయితిమి. వాడున్నదున్నట్లు చెప్పి, తనకు ముట్టిన తొమ్మిదివందల రూపాయలను ఆ తల్లి ముందుంచినాడు. ఆమె చాలసేపు మాటలాడలేదు. తుదకు, “నాయనా, ఈ దుడ్డు నాకెందుకు? నాకు చెప్పినమాటనే కాగితంమీద రాసియ్యి, అది చాలు” అన్నది. వాడు వ్రాసి సంతకము పెట్టినాడు. ఆ కాగితముతో ఆమె ఫిర్యాదు చేసికొన్నది, తీర్పింకను రాలేదు. వానికి తనపై నేమి వచ్చిపడునో యను భయము పోలేదు. అయినను వ్రాసినందుకు నేను గర్వించుచున్నాను.

సోదరులారా! ఇట్టివి యిచ్చటనే జరుగుచున్నవని తలపరాదు. అమెరికాలోని న్యూయార్కు నగరమున ఒక నగల కంపెనీ తన యుద్యోగులచేతనే అంతర్జాలపు వేలములలో దొంగపాటలు పాడించెనని రాష్ట్ర న్యాయాధికారి పట్టుకొనగా, 2007 లో నాలుగులక్షల డాలర్లు చెల్లించుకొని రాజీపడవలసి వచ్చినది. మన దేశమునందును శాసనము లేకపోలేదు. 1930 వ సంవత్సరపు వస్తువిక్రయ చట్టములోని 64 వ విభాగము వేలములను గూర్చినది. అమ్మువాడు తానుగూడ పాడుదునని ముందుగా స్పష్టముగా బ్రకటింపనియెడల, తాను పాడుటగాని యితరులచేత బాడించుటగాని న్యాయవిరుద్ధము. వెల పెంచుటకై దొంగపాట పాడించినచో, ఆ విక్రయమును రద్దుపరచుకొను హక్కు కొనినవానికి గలదు. 2020 వ సంవత్సరపు ఈ-కామర్స్ నియమములనుబట్టి, ఫిర్యాదు నందుకొను నధికారి నొకనిని ప్రతి వ్యాపారవేదికయు నియమించి, నలువదియెనిమిది గంటలలో ముట్టినట్లు తెలిపి, ఒక నెలలో బరిష్కరింపవలెను. కొనినవారు 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. సొమ్ము దోచుకొనబడినచో 1930 అను సంఖ్య కలదు.

చట్టమును శరణుజొచ్చుటకన్న ముందే జాగ్రత్తపడుట మేలు. దొంగపాటకు గొన్ని గురుతులు గలవు. ఒకే యమ్మకందారు వస్తువులపై మాత్రమే పాడుచు, ఎన్నడును గెలువనివాడు. పాటలు పెక్కైనను పాడువారిద్దరే యగుట. గెలిచినవాడు కొనలేదని చెప్పి, “మీ పాటకే యిచ్చెదము” అని రెండవవానికి గబురు వచ్చుట. అమ్ముడుపోయినదన్న నగయే వారము తిరుగకుండ మరల వేలమునకు వచ్చుట. వీనిలో నేది కనబడినను తప్పుకొనుడు. పాడుటకు ముందే కాగితముపై లెక్క వేయుడు: రాళ్లు, లక్క పోగా నికరపు తూకమెంత? కారట్లెన్ని? నేటి ధర యెంత? ఆ మొత్తమును దాటి పాడవద్దు. తులమన్న మాటను గూడ నమ్మవద్దు. పూర్వపు తులము పదకొండు గ్రాములకు బైచిలుకు, నేటి వాడుకలో బది గ్రాములు. గ్రాములే యడుగుడు.

హాల్‌మార్కును గూర్చి యొకమాట. 2023 ఏప్రిల్ 1 మొదలు అంగళ్లలో అమ్ము నగలపై ఆరక్షరముల గుర్తింపుసంఖ్య యుండవలెను. దానిని బీఐఎస్ వారి యాప్‌లో నెవరైనను సరిచూచుకొనవచ్చును. అయితే కుందన్, పోల్కీ, జడావు పనులకు ఈ నిర్బంధము లేదు. పురాతన నగలని పేరుపెట్టి యెక్కువ వెలకు వేలమువేయునవి తరచుగా నీ తెరగు రాళ్లనగలే యగుటలోని మర్మమును మీరే యూహించుకొనుడు.

ఇక తాకట్టు నగల వేలము సంగతి. అచ్చట మోసము తలక్రిందుగా నుండును. ఫోనులో వెల పెంచి కొనువానిని ముంచుదురు. తాకట్టు వేలములో కొనువారందరును సిండికేటై, వెల తగ్గించి, అప్పుపడినవానిని ముంచుదురు. నగ మార్కెట్టు ధరకు బోయినచో అప్పు తీరి నాలుగు రాళ్లు మిగులవలసినవానికి, తిరిగి బాకీయే మిగులును. దీనిని నివారించుటకై రిజర్వు బ్యాంకువారు 2025 జూన్‌లో నియమావళి నొకదానిని వెలువరించి, 2026 ఏప్రిల్ 1 లోపల నమలుపరుపవలెనని యాజ్ఞాపించిరి. దాని ప్రకారము, వేలమునకు ముందు అప్పుపడినవానికి దగిన నోటీసు నీయవలెను. రెండు పత్రికలలో ప్రకటింపవలెను. అందొకటి ప్రాంతీయభాషా పత్రిక. మొదటి వేలము అప్పిచ్చిన శాఖ యున్న జిల్లాలోనే జరుపవలెను. కనీసపు వెల నాటి విలువలో నూటికి తొంబదికి దగ్గరాదు. రెండుసారులు వేలము విఫలమైనచో నెనుబదియైదు. అప్పిచ్చినవారును, వారికి సంబంధించినవారును పాడరాదు. మిగిలిన సొమ్మును ఏడు పనిదినములలో దిరిగి యీయవలెను. ఈ సంగతులు మన గ్రామములలో నెందరికి దెలియును? తెలియనివాని హక్కు పెట్టెలోని దీపమువంటిది.

సంస్కృతము చదివినవాడను గనుక గౌటిల్యుని తలపకుండలేను. అర్థశాస్త్రము తృతీయాధికరణమున వాస్తువిక్రయమును జెప్పుచు, పోటీవలన బెరిగిన వెల అమ్మినవానికి గాక సుంకముతో గూడ రాజు బొక్కసమునకు జేరవలెనని విధించినాడు. తనకు దక్కని లాభమునకై దొంగపాట పాడించువాడెవడు? నియమములోని కిటుకు ఇదియేనని నాకు దోచుచున్నది. వర్తకులు కూడబలుకుకొని వెలలు తారుమారు చేసినచో వేయి పణముల దండువు విధించినవాడును నాతడే. ఆ గ్రంథమే ద్వితీయాధికరణమున స్వర్ణకారుల యపహరణోపాయములను గూడ లెక్కించినది: తులావిషమము, అపసారణము, విస్రావణము, పేటకము, పింకము అని యైదు. ఇది చదివినప్పుడు బాల్యమున నాకు సిగ్గు వేసెడిది. తల్లి బంగారమునైనను కంసాలి తాకకుండ విడువడన్న సామెత బడిలో పిల్లలు నా ముఖముమీదనే యనెడివారు. ఇప్పుడు నాకు దోచునదేమనగా, ఆ యైదింటికి మన తరములో ఆరవది చేరినది: పేరు చెప్పక పాడు పాట. సామెతను మాన్పించుట మన చేతిలోని పని. లోకమును దూషించిన మానదు.

కావున మూడు ప్రార్థనలు చేయుచున్నాను. మొదటిది, మన సంఘసభ్యుడెవడును తన పేరునుగాని, ఫోనునుగాని దొంగపాటలకు, సిండికేట్లకు నీయరాదని యీ సభలోనే తీర్మానింపుడు. రెండవది, నంద్యాలలోను, ఆళ్లగడ్డలోను వారమున కొకదినము పాతనగల తూకమును, వన్నెను బరీక్షించి, చీటి వ్రాసియిచ్చు వ్యవస్థ నేర్పరుపుడు. దానికి స్వల్పరుసుము దీసికొని, పనిలేని మన యువకులకు వంతులవారీగా నీయవలెను. పోషకమహాశయులు బంగారము కరగింపకయే వన్నెచెప్పు యంత్రము నొకదానిని దానము చేయుదురుగాక. అయితే ఆ యంత్రము పైపూతనే చూచును. లోపలి సంగతి చెప్పుటకు మన గీటురాయియు, కత్తిరింపును, అనుభవమును గావలయును. మూడవది, పత్రికలలో వచ్చు తాకట్టు వేలముల ప్రకటనలను జదివి, నోటీసు వచ్చినవారికి వారి హక్కులను దెలుపుటకు చదువుకొన్న పిల్లలిద్దరు ముగ్గురు పూనుకొనవలెను. ఈ మూడవపనికి నా పేరు ముందుగా వ్రాసికొనుడు. నా కన్నులింకను జిన్నయక్షరములను జదువుచునే యున్నవి.

నా శిష్యుడీ సభలోనే వెనుకవరుసలో గూర్చున్నాడు. వానిని వెదకకుడు. వ్రాసియిచ్చిన చేతికి మనము పని కల్పించినచో, పాట పాడిన తప్పును వాడు తన జీవితకాలములో దీర్చుకొనగలడు. కల్పింపనిచో వాని స్థానమున మరియొకడు పాడును. ఆ పాట నేదో యొకనాడు మన యింటి యాడుబిడ్డయే వినవలసి వచ్చును.

 శ్రీ వీరబ్రహ్మేంద్రస్వామివారి యనుగ్రహము మన యందరిపై నుండుగాక!

స్వస్తి.