బిరుదమేది? ఇంటిపేరేది? జాతిపిల్లుల నామములను చదువు విధము

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము పిల్లులని వినగానే కొందఱకు నవ్వు రావచ్చును. కాని మన యిండ్లలోని యువకులు పర్షియను, సయామీ జాతుల పిల్లులను వేలకొలది రూపాయలు వెచ్చించి కొని తెచ్చుచున్నారు. మన బెంగళూరు నగరమున వాని ప్రదర్శనలును జరుగుచున్నవి. కొన్నిటితో వంశపత్రిక యను కాగితము వచ్చును. అందు బారెడు పేరును, ఆ పేరునకు ముందు వెనుకల పొడియక్షరములును ఉండును. ఆ యక్షరములను బట్టి ధర పెరుగును. ధర చెల్లించువాడు వాని యర్థమును తెలిసికొనుట న్యాయము గదా!

తెలుగువారికి ఇది కష్టమైన విద్య కాదు. మనమందఱము ఎఱిగిన యొక నామమును తీసికొందము: సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య, కె.సి.ఐ.ఇ. మోక్షగుండము ఆంధ్రదేశమందలి గ్రామము. ఆయన పూర్వులు అచ్చటినుండి మైసూరు సీమకు వచ్చిరి గనుక అది యింటిపేరయ్యెను. విశ్వేశ్వరయ్య యనునది తల్లిదండ్రులు పెట్టిన పేరు. ముందున్న ‘సర్’ అనునదియు, చివరనున్న నాలుగక్షరములును 1915లో ఆయనకు లభించిన బిరుదము. అనగా ఒకటి వంశముచే వచ్చినది, ఒకటి పెట్టినది, ఒకటి ఆర్జించినది. మోక్షగుండము వారందఱును ఆ యింటిపేరును ధరింపవచ్చును. ‘సర్’ అనిపించుకొనుటకు మాత్రము వారికి హక్కు లేదు.

జాతిపిల్లి పేరును సరిగా ఇట్లే విడదీయవలెను. ఉదాహరణకు ఒక నామమును కల్పింతము: ‘జి.సి. చంద్రవంక రజని ఆఫ్ కావేరి, డి.ఎం.’ ఇందు చంద్రవంక యనునది ఆ పిల్లి పుట్టిన పెంపకశాల పేరు. దీనినే క్యాటరీ అందురు. మన యింటిపేరువలె అది ముందు నిలుచును. రజని దాని సొంత పేరు. ‘ఆఫ్’ తరువాతనున్న కావేరి, దానిని కొని పెంచుకొనువారి శాల. పుట్టినింటి పేరు ముందు, మెట్టినింటి పేరు వెనుక అని గుర్తుంచుకొన్న చాలును. ఇవన్నియు పోగా మిగిలిన జి.సి., డి.ఎం. అనునవే బిరుదములు.

ఈ బిరుదముల చరిత్ర చాల పాతది. 1871 జూలై 13వ తేదీన లండనులోని క్రిస్టల్ ప్యాలెసునందు హారిసన్ వీర్ అను చిత్రకారుడు గొప్ప పిల్లుల ప్రదర్శనను ఏర్పాటు చేసెను. తరువాత సంస్థలు ఒకదాని వెంట నొకటి వెలసినవి. అమెరికాలో సి.ఎఫ్.ఎ. 1906లోను, ఇంగ్లండులో జి.సి.సి.ఎఫ్. 1910లోను, ఐరోపాలో ఫైఫ్ 1949లోను, మరల అమెరికాలోనే టికా 1979లోను ఏర్పడినవి. డబ్ల్యు.సి.ఎఫ్. 1988లో వెలసినది. ప్రతి సంస్థకును తన కొలత వేఱు. కావున ‘ఛాంపియను’ అనగానే ఏ సంస్థవారి ఛాంపియను అని యడుగవలెను.

‘సి.హెచ్.’ అనగా ఛాంపియను. ఇంగ్లండు సంస్థ పద్ధతిలో ముగ్గురు వేర్వేరు న్యాయనిర్ణేతలు మూడు యోగ్యతాపత్రములు ఇచ్చిననే ఆ పేరు దక్కును. ఒకరి యభిమానము చాలదన్నమాట. ‘జి.సి.’ అనగా గ్రాండ్ ఛాంపియను. అమెరికాలో సి.ఎఫ్.ఎ. వారి లెక్కలో, ఇతర ఛాంపియనులను ఓడించి 200 పాయింట్లు కూర్చుకొనిన పిల్లికి ఈ బిరుదము. ‘ఎన్.డబ్ల్యు.’ అనగా ఏడాది పోటీలన్నిటి మొత్తముపై అగ్రశ్రేణిని నిలిచిన జాతీయ విజేత. టికావారి ‘ఎస్.జి.సి.’ అనగా సుప్రీమ్ గ్రాండ్ ఛాంపియను. సంతతి కలుగకుండ శస్త్రము చేయించిన పిల్లులకు వేఱు వరుస కలదు. వానిని పెక్కు సంస్థలు ఛాంపియను అనక ‘ప్రీమియర్’ అనును. దాని గుర్తు ‘పి.ఆర్.’

ఇక చివరనున్న ‘డి.ఎం.’ చాల విశేషమైనది. ఇది ఆ పిల్లి తన యందముచేత గెలిచినది కాదు, తన సంతతిచేత గెలిచినది. సి.ఎఫ్.ఎ. నియమము ప్రకారము తల్లిపిల్లికి ఐదు కూనలైనను, తండ్రిపిల్లికి పదునైదైనను గ్రాండ్ స్థాయికి చేరవలెను. అప్పుడు ఆ తల్లికో తండ్రికో ఈ గౌరవము. బిడ్డల గెలుపు తల్లిదండ్రుల పేరును ఎక్కును. తల్లిదండ్రుల గెలుపు బిడ్డల పేరును ఎక్కదు. ఈ యొక్క సూత్రము మఱువకుడు.

ఏలనగా అమ్మకములలో జరుగు మోసము ఇచ్చటనే యున్నది. ‘ఛాంపియను వంశపు కూన’ యని విక్రేత చెప్పును. తాత ఛాంపియనైనను, రెండు నెలల కూనకు ఏ బిరుదమును లేదు. ఇంకను పోటీలో నిలువనే లేదు. అట్లే ‘పంచ్ ఫేస్’, ‘డాల్ ఫేస్’ అను మాటలు అంగడిలో వినబడును. అవి ముఖము తీరును దెలుపు మాటలే గాని బిరుదములు కావు. నమోదుసంఖ్య సైతము బిరుదము కాదు; తల్లిదండ్రులెవరో నమోదైనదని మాత్రమే అది చెప్పును.

మఱియొక మాట. ఎన్ని యక్షరములున్నను అవి ఆరోగ్యమునకు హామీ కావు. పర్షియను జాతిలో మూత్రపిండములందు నీటితిత్తులు పెరుగు వంశపారంపర్య వ్యాధి యొకటి కలదు. తలిదండ్రులలో ఒక్కరి నుండి సంక్రమించినను కూనకు వ్యాధి కలుగును. దీనిని కనిపెట్టు జన్యుపరీక్ష నేడు లభ్యమగుచున్నది. ప్రదర్శనలో న్యాయనిర్ణేత రోమమును, కన్నులను, అంగసౌష్ఠవమును చూచును గాని మూత్రపిండములలోనికి తొంగిచూడడు. కావున కొనువారు మూడు ప్రశ్నలు వేయవలెను. ఈ బిరుదము ఏ సంస్థ యిచ్చినది? అది ఈ పిల్లిదా, దీని పెద్దలదా? తల్లిదండ్రులకు జన్యుపరీక్ష చేయించిన పత్రము ఉన్నదా? నమోదుసంఖ్యను ఆ సంస్థకే వ్రాసి విచారించినచో ఇంకను మేలు.

ముగించుటకు ముందు మన సంగతి కొంత చెప్పవలసియున్నది. ఈ నగరమున పేరునకు ముందుండు అక్షరములు తఱచుగా ఊరిని, తండ్రిని తెలుపును. డి.వి. గుండప్పగారి పేరులో ‘డి’ యనగా దేవనహళ్ళి, ‘వి’ యనగా వేంకటరమణయ్య. మనమును తరతరములుగా ఇచ్చటనే యుండి ఈ పద్ధతికి అలవాటుపడితిమి. పాఠశాలలలో, కచ్చేరీలలో మన యింటిపేర్లు ఒక్క ఆంగ్లాక్షరముగా కుదించుకొనిపోయినవి. ఆ యక్షరము దేనికి గుర్తో చెప్పలేని పిల్లలు మన యిండ్లలోనే కలరు. పిల్లి వంశమును నాలుగు తరములవఱకు కాగితముపై చదువగల బాలునిచేత, తన పేరు ముందరి యక్షరమును గూడ విప్పి తెలుగున వ్రాయింపుడు. ఆ యింటిపేరు ఏ యూరినుండి వచ్చినదో తెలిసిన పెద్దలు ఇంకను మన మధ్యనున్నారు. వారిని అడిగి వ్రాసియుంచుడు. ఇంటిపేరు ఎవనికిని బిరుదము నీయదని గూడ ఆ బాలునికి చెప్పుడు. బిరుదమును వాడే ఆర్జింపవలెను.