శునక కర్ణరోగములు – మన కర్తవ్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో విశ్రాంత పశువైద్యులొకరు చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున జ్ఞానదీపమును ఆరనీయక కాపాడుచు వచ్చిన మన గ్రంథాలయమునకు రజతోత్సవము జరుగు ఈ శుభదినమున నాకును నాలుగు మాటలు చెప్పు అవకాశము కలిగించిన కార్యవర్గమువారికి నా కృతజ్ఞతలు. నాకు ముందు మాట్లాడిన పెద్దలు సాహిత్యమును గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు మనోహరముగా సెలవిచ్చిరి. నేను పశువైద్యుడను. నా జీవితమంతయు పశువుల కొట్టములలోను, దొడ్లలోను గడచినది. "మీకు బాగుగా తెలిసిన విషయమునే చెప్పుడు" అని కార్యదర్శిగారు ధైర్యము చెప్పుటచేత కుక్క చెవిని గూర్చి మాట్లాడ సాహసించుచున్నాను. విషయము ప్రకటింపగానే వెనుక వరుసలలో కొందరు నవ్విరి. నవ్వవచ్చును. కాని ఇంటికి పోయిన పిదప మీ వాకిట పడుకొన్న కుక్క చెవిని ఒక్కసారి ఎత్తి చూచిన నా ఉపన్యాసము ఫలించినట్లే.

కుక్కను గూర్చి సభలో మాట్లాడుట తక్కువతనమని ఎవరైనను తలచినచో వారిని మన గ్రంథాలయపు బీరువా కడకు తీసికొనిపోయెదను. మహాభారతమున ఆదిపర్వము తెరచిన తొలి కథలలోనే సరమ అను దేవశునకము కనిపించును. తప్పు చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టగా, ఆమె నేరుగా రాజు కడకు వచ్చి ఇది తగునా యని అడిగినది. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట తుదివరకు నడచినదియు కుక్కయే. నోరులేని జీవి పక్షమున మాట్లాడుట మనకు క్రొత్త కాదు.

ఇక విషయమునకు వచ్చెదను. "మా కుక్క చెవి కంపు కొట్టుచున్నది, అది తల విదిలించుచున్నది" అని చెప్పుచు వచ్చువారు పశువైద్యశాలకు నిత్యమును కలరు. ఈ బాధ కుక్కలకే ఇంత విశేషముగా ఎందుకు కలుగును? అది చెవి నిర్మాణమునుబట్టి తెలియును. మన చెవి దారి ఇంచుమించు ఒక అంగుళము పొడవుండి దాదాపు తిన్నగా లోపలికి పోవును. కుక్క చెవి దారి జాతినిబట్టి 5 మొదలు 10 సెంటీమీటర్ల వరకు ఉండును. అది మొదట క్రిందికి దిగి, పిదప మలుపు తిరిగి లోపలికి పోవును. బావిలోనికి దిగి, అడుగున ప్రక్కకు త్రవ్విన సొరంగములో ప్రవేశించినట్లుండును. ఆ సొరంగము చివర కర్ణభేరి యున్నది. అట్టి దారిలో నీరు చేరినను, గులిమి నిలిచినను, గింజ పడినను వెలికి వచ్చుట కష్టము. లోపల వెచ్చదనము, తేమ, చీకటి యున్నవి. సూక్ష్మజీవులు పెరుగుటకు ఇంతకన్న అనువైన చోటు వేరొకటి యుండదు.

మన ఊరకుక్కలలో పెక్కింటికి చెవులు నిక్కియుండును, గాలి ఆడును. నేడు పల్లెలలో సైతము పెంచుచున్న లాబ్రడారు, స్పానియలు మొదలగు జాతులకు చెవులు వ్రేలాడును. తెలుగు రాజులు తరతరములుగా స్థిరపడియున్న రాజపాళయము పేరు మోసిన తెల్లని వేటకుక్కలకును చెవులు వ్రేలాడునవే. అట్టి చెవులు మూతవేసిన కుండలవంటివి. చెరువులో ఈదుటకు అలవాటుపడిన కుక్కలకును, చెవిలో దట్టముగా వెండ్రుకలు పెరుగు కుక్కలకును ఈ బాధ ఎక్కువ.

అయితే చెవి వ్రేలాడినంతనే రోగము రాదు. రోగమునకు మూలకారణము వేరొకటి యుండును. పిల్లకుక్కలలో తరచుగా కనిపించు కారణము చెవి గజ్జి పురుగు. 1838వ సంవత్సరముననే శాస్త్రజ్ఞులు దీనిని వర్ణించిరి. అది తెల్లని నలుసువలె ఉండును; గ్రుడ్డునుండి పెద్దదగుటకు సుమారు మూడు వారములు పట్టును. తల్లినుండి పిల్లలకు, పిల్లినుండి కుక్కకు అంటును. కనుక ఇంటిలో ఒకదానికి వచ్చినప్పుడు కుక్కలకు, పిల్లులకు అన్నింటికిని ఒకేసారి వైద్యము చేయింపవలెను. రెండవ కారణము పొలము గట్లపై అంటుకొను ఉత్తరేణి గింజలవంటి ముండ్లగింజలు చెవిలో దూరుట. ఇట్లైనప్పుడు తరచుగా ఒక్క చెవికే, అదియు అకస్మాత్తుగా బాధ కలుగును. మూడవది పిడుదులు. నాలుగవది ఎలర్జీ. కొన్ని కుక్కల శరీరము ధూళిని, పుప్పొడిని, లేక తాము తిను ఆహారములో ఒకదానిని సహింపదు. అట్టి కుక్కలు పాదములు నాకుకొనును, చంకలు గోకికొనును; చెవి లోపలి చర్మము ఎర్రబడి వాచును. మాటిమాటికి తిరుగబెట్టు చెవిరోగము వెనుక పెక్కుసారులు ఈ ఎలర్జీయే దాగియుండును.

ఇట్లు వాచిన చెవిలో, సాధారణముగా చర్మముపై ఊరక యుండు సూక్ష్మజీవులే విజృంభించును. కంపు వానివలననే కలుగును. వానిలో ముఖ్యమైనది మలసీజియా అను ఈస్టు జాతి జీవి. 1925లో వీడ్మన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని భారతదేశపు ఖడ్గమృగము చర్మమునుండి వేరుచేసెను; దాని పేరులోని పాకీడెర్మాటిస్ అను మాట మందపు తోలు గల ఆ మృగమును తలపించునదే. 1955లో స్వీడన్ దేశమున గుస్తాఫ్సన్ కుక్కల చెవిరోగములో దీనిని గూర్చి పరిశోధించెను. ఇది పెరిగినచో గోధుమరంగు జిడ్డు, ముక్కిన వాసన ఉండును. గజ్జి పురుగులున్నచో కాఫీపొడివంటి నల్లని పొడి రాలును. పసుపుపచ్చని చీము కారి, భరింపరాని దుర్గంధము వచ్చినచో చీము పుట్టించు క్రిములు చేరినవని అనుమానింపవచ్చును. కాని కంటిచూపుతోను, ముక్కుతోను నిర్ణయము చేయరాదు. కొంచెము జిడ్డును గాజుపలకపై పూసి, రంగువేసి, సూక్ష్మదర్శిని క్రింద చూచిననే నిజము తేలును. అది కొద్ది నిమిషముల పని.

ఆ కొద్ది నిమిషములు వెచ్చింపక నేను చేసిన తప్పొకటి ఈ సభలో చెప్పుకొనవలసియున్నది. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక మామిడితోట కాపరి తన కుక్కను తీసికొనివచ్చెను. రెండు చెవులును కంపు కొట్టుచుండెను. నేను చుక్కలమందు వ్రాసియిచ్చి పంపితిని. రెండు నెలలకు మరల వచ్చెను. అదే మందు వ్రాసితిని. మూడవసారియు అంతే. నాలుగవసారి అతడు, "బాబుగారూ, మందు ఏసినన్నాళ్లు బాగానే ఉంటదండి, మానేత్తే మళ్లీ మామూలేనండి" అనెను. అప్పుడు గాని నేను దీపము పెట్టి చెవి లోపల చూడలేదు. చర్మము దళసరియై, ముడుతలు పడి, దారి దాదాపు మూసికొని పోయినది. ఏటేట వానకాలమున ఆ కుక్క పాదములు నాకుకొనుచు, పొట్ట గోకికొనుచు ఉండెడిదని నాడే అడిగి తెలిసికొంటిని. మొదటి దినమున అడిగియున్నచో ఎలర్జీ సంగతి నాడే తేలియుండెడిది. కుక్కకు వినికిడి పోయినది. కాపరి ఈల వేసినను తిరిగి చూచెడిది కాదు. మరుసటి వేసవిలో తోటదారిపై పడుకొనియుండి, వెనుకనుండి వచ్చిన ట్రాక్టరు చప్పుడు వినలేక మరణించెను. ఆ కాపరి నన్ను ఒక్క మాటయు అనలేదు. ఆనాటినుండి నేను, చెవిలోనికి చూడకుండ ఏ కుక్కకును చుక్కలమందు వ్రాయలేదు.

ఇక మన ఇండ్లలో చేయు పొరపాట్లు కొన్ని కలవు. కిరసనాయిలు పోయుట, కాచిన నూనె వేడిగా పోయుట, జిల్లేడు పాలు, ఉమ్మెత్తాకు రసము పిండుట, పొగాకు పొడి కూరుట నేను కన్నులార చూచితిని. వాచియున్న లేత చర్మముపై ఇవి నిప్పువంటివి. చెవిలో పురుగులు పడినప్పుడు కలరా ఉండలు పొడిచేసి కూరువారును కలరు. అది విషము, రక్తములో చేరి ప్రాణాపాయము కలిగింపవచ్చును. పురుగులు పడిన చెవి ఇంటివైద్యమునకు లొంగునది కాదు. ఆలస్యము చేయక వైద్యుని కడకు కొనిపోవలెను. అగ్గిపుల్లకు దూది చుట్టి లోపల త్రిప్పుట మరియొక పొరపాటు. అది మురికిని మలుపు దాటించి కర్ణభేరిపైకి నెట్టును. నిరుడు మిగిలిన మందును, పొరుగింటివారి మందును వాడరాదు. కర్ణభేరి చిల్లుపడియున్నచో జెంటామైసిన్, నియోమైసిన్ వంటి మందులు లోపలి చెవిని చెరచి చెవుడు కలిగింపగలవు. సగములో మందు మానుటయు అపాయమే. చావక మిగిలిన క్రిములు మందుకు మొండికెత్తును.

మరి చేయవలసినదేమి? మొదట పశువైద్యునిచేత చెవి చూపింపవలెను. కర్ణభేరి సరిగా నున్నదని తేలిన పిదప, వైద్యుడు చెప్పిన చెవి శుభ్రము చేయు ద్రవమును చెవి నిండుగ పోయవలెను. చెవి మొదటిలో చేతికి తగులు మెత్తని గొట్టమును అరనిమిషము మృదువుగా మర్దించిన లోపల చిలికినట్లు చప్పుడగును. పిమ్మట కుక్కను వదలిన తల విదిలించి మురికిని తానే వెలికి తెచ్చును. ముఖము ప్రక్కకు త్రిప్పుకొనుడు! పైకి వచ్చినదానిని, వ్రేలు అందినంతవరకు మాత్రమే, దూదితో తుడువవలెను. తరువాత మందు వేయవలెను. వాపు, నొప్పి అధికముగా నున్నప్పుడు ముందుగా వానిని తగ్గించి, అవసరమైనచో మత్తు ఇచ్చి శుభ్రము చేయుదురు. కంపు పోయినంతమాత్రమున రోగము పోయినట్లు కాదు. గడువు ముగియగానే మరల చూపించి, వైద్యుడు చాలునన్న పిదపనే మందు మానవలెను.

తల ఒక ప్రక్కకు వాలినను, కుక్క తూలినను, గుండ్రముగా తిరిగినను రోగము లోపలి చెవికి ప్రాకెనని భయపడవలెను. విదిలింపగా విదిలింపగా చెవి దొప్పలో నెత్తురు నిండి బూరెవలె ఉబ్బినను వెంటనే చూపవలెను.

ఒక ముఖ్య విషయము. చెవిపోటు గల కుక్క తల తాకనీయదు. ప్రాణముగా పెంచినవారినైనను కరచును. ఒకానొక గ్రామమున అట్లే ఒక బాలుని కరువగా, పిచ్చికుక్క యని కఱ్ఱలతో పదిమంది చుట్టుముట్టిరి. నేను అడ్డుపడి, బాలుని గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగించి, టీకా కొరకు ఆసుపత్రికి పంపితిని. కుక్కను వేరుగా బంధించి, అన్నములో నొప్పిమందు కలిపి పెట్టించుచు, పది దినములు కనిపెట్టియుంటిమి. అది ఆరోగ్యముగనే యున్నది. పిదప మత్తు ఇచ్చి చూడగా చెవిలో ముండ్లగింజ దొరికెను. కుక్క బ్రతికినది. అయినను చెవి కంపు కొట్టుచున్నది గనుక ఇది పిచ్చి కాదని మీరు నిర్ణయించుకొనవలదు. ఏ కుక్క కరచినను గాయము కడుగుటయు, టీకా వేయించుకొనుటయు తప్పదు. కుక్కకు ఏటేట టీకా వేయించుటయు యజమాని ధర్మమే.

రోగము రాకుండ కాపాడుట సులభము. స్నానము చేయించిన పిదప, చెరువునుండి వచ్చిన పిదప చెవులను పొడిబట్టతో తుడువుడు. పొలమునుండి వచ్చినప్పుడు గింజలకై, పిడుదులకై వెదకుడు. వారమున కొకసారి చెవి ఎత్తి చూచి, వాసన చూడుడు. ఆరోగ్యముగానున్న చెవి లేత గులాబి రంగున ఉండి, చెడువాసన లేకుండును. అట్టి చెవిని ఊరక కడుగ పనిలేదు. అతిగా కడుగుటవలన తేమ నిలిచి రోగమునకు దారితీయును.

సోదరులారా! ఎలర్జీ గల కుక్కకు ఒక్క చికిత్సతో శాశ్వతముగా నయమగునని నేను వాగ్దానము చేయజాలను. దానిని జీవితాంతము కనిపెట్టి చూచుకొనవలసియుండును. కాని తొలి దినములలో చూపిన శ్రద్ధ, చెవి దారిని యావత్తును కోసి తీసివేయు పెద్ద శస్త్రచికిత్సను పెక్కుసారులు తప్పించును. రాత్రివేళ మన ఇంటికి, మన పొలమునకు కాపలా కాయునది ఆ చెవియే. మన మందరము నిద్రించుచుండగా అది వినుచుండును. దాని బాధను పగటివేళ మనము ఒక్క నిమిషము గమనించుట న్యాయము.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.