గుండె లయ తప్పినవారి మాట

మేమందరము గుండె లయ తప్పినవారము. లయ తప్పిన గుండె పై గదులలో నెత్తురు నిలిచి గడ్డకట్టును. ఆ గడ్డ మెదడునకు చేరెనా, పక్షవాతము. అందులకై ప్రతి సాయంకాలము వార్ఫరిన్ మాత్ర మ్రింగుచున్నాము.

దీని పుట్టుక వినదగినది. పాడైన గడ్డి మేసిన పశువులు నెత్తురోడి చచ్చుటకు కారణము వెదకుచు, అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కార్ల్ పాల్ లింక్ బృందము నడపిన పరిశోధనయే దీనికి మూలము. 1948లో ఎలుకల మందుగ వెలసినది. 1954లో మనుష్యుల వాడుకకు వచ్చినది. ఇది తెలిసిననాడు మాలో కొందరికి మాత్ర గొంతు దిగలేదు!

మోతాదు మించిన చిగుళ్ళు నెత్తురు కారును. తగ్గిన గడ్డ భయము. కనుక ఐ.ఎన్.ఆర్. అను నెత్తురు పరీక్షలో మా లెక్క సాధారణముగ 2కును 3కును నడుమ నుండవలెను. ఆకుకూరలలోని కె విటమిను ఈ మందునకు ఎదురు. గోంగూర మానుమని చుట్టములందరును చెప్పిరి. వైద్యులు మానుమనలేదు, వారము వారము ఒకే తీరున తినుమనిరి. ఏడాదంతయు ఆకు ముట్టక, ఆషాఢమున మునగాకు కూర కడుపార తినినచో లెక్క చెడును.

అపిక్సబాన్ వంటి క్రొత్త మందులకు ఈ పరీక్షల బెడద లేదు. అయినను లోహపు కవాటము అమర్చబడినవారికిని, కీళ్ళవాత జ్వరముచే మిట్రల్ కవాటము బాగుగ ఇరుకైనవారికిని వార్ఫరినే శరణ్యము.

అన్నిటికంటె కష్టమైనది వేరు. మాత్ర వేసికొన్ననాడును వేసికొననినాడును ఒంటికి భేదము తోచదు. బాగున్నాము గదా, ఇక నేల యను తలంపు అచ్చటనే పుట్టును. అది పుట్టిననాడు మాత్ర మానము, వైద్యుని యొద్దకు పోదుము. కీళ్ళనొప్పులకు మాకు మేమే అంగడిలో మాత్ర కొనము. పన్ను తీయించుకొనబోయినను ముందుగ మందు పేరు చెప్పుదుము. చొక్కా జేబులోనో కొంగుముడిలోనో దాని చీటి ఉంచుకొందుము.