ఒక కంపము, రెండు కొండపట్టణములు

2016 ఆగస్టు 24వ తేదీ తెల్లవారుజామున 3 గంటల 36 నిమిషములకు, ఇటలీ నడుమనున్న అపెనైన్ పర్వతములలో, తన పేర ప్రసిద్ధమైన స్పగెట్టీ వంటకపు ఉత్సవమునకు సిద్ధమగుచు, వేసవి విడిదికి వచ్చిన బంధుజనముతో నిండి నిద్రించుచున్న అమత్రీచే యను చిన్నపట్టణము, భూమి కంపించిన కొలది క్షణములలోనే శిథిలరాశియైనది. ఆ ప్రాంతమున మృతులు 299 మంది. వారిలో అత్యధికులు ఈ పట్టణమున మరణించినవారే.

ఆ పర్వతసీమ ఏటేట కొన్ని మిల్లీమీటర్ల చొప్పున ప్రక్కలకు సాగుచున్నది; శతాబ్దములుగా శిలలలో కూడిన ఆ బిగువు ఒకనాడు పగులు వెంట జారి విడివడును. దీనిని ఆపుట మనుష్యశక్తికి అసాధ్యము. నేను మీ దృష్టిని నిలుపగోరునది గోడలమీద.

అమత్రీచేలోని పాతయిండ్లలో పెక్కింటికి రెండుప్రక్కల రాతివరుసలు పేర్చి, నడుమ చిన్నరాళ్లు నింపి, బలహీనమైన సున్నముతో కట్టిన గోడలుండెను. కొన్నింటిపై తరువాతి కాలమున బరువైన కాంక్రీటు కప్పులను మోపిరి. కుదుపునకు వరుసలు విడిపోగా, కప్పు నిద్రితులపై కూలినది.

సమీపమందలి నోర్చా పట్టణము కూడ ఆ రాత్రియే కంపించినది, కాని అచట ఒక్కరును మరణింపలేదు. 1859 నాటి భూకంపమునకు పిదప, నాటి పోపు ప్రభుత్వము అచట ఇండ్ల యెత్తును పరిమితము చేయుచు కట్టడపు నియమములను విధించెను. 1979, 1997 కంపముల తరువాత అనేక గృహములను ఇనుపకడ్డీలతో బిగించి దిట్టపరచిరి. ఆ 2016లోనే అక్టోబరు 30న 6.5 తీవ్రతతో, మరింత చేరువలో కంపము వచ్చి సెయింట్ బెనెడిక్టు దేవాలయము ముఖభాగము తప్ప నేలకూలినను, ప్రాణనష్టము లేదు. అప్పటికే పలువురు ఇండ్లు విడిచి యుండుటయు ఇందుకొక కారణమని చెప్పుట న్యాయము. ఐనను అంతకుముందు ఆగస్టు రాత్రి వారిని కాపాడినవి ఆ గోడలే యని నా నిశ్చితాభిప్రాయము.

ఇది దూరదేశపు ముచ్చట యని తలపకుడు. 1993 సెప్టెంబరు 30వ తేదీ వేకువన, మన పొరుగున లాతూరు జిల్లా కిల్లారిలో, మట్టితో పేర్చిన మందపు రాతిగోడలు వేలాది ప్రజలను పొట్టనబెట్టుకొన్నవి. ఆ కుదుపు హైదరాబాదువరకును తెలిసినది. కావున మీ పాత రాతియింటిపై మేడ వేయదలచినచో, ముందు ఇంజనీరును పిలిచి గోడలను పరీక్షింపజేయుడు. గోడ వెడల్పంతయు పట్టు రాళ్లను అక్కడక్కడ వేయింపుడు. నాలుగు గోడలను చుట్టి కట్టు పట్టీ లేనిదే కప్పు మోపనీయకుడని మీ మేస్త్రీతో గట్టిగా చెప్పుడు.