కొత్త అక్వేరియంలో నీటి వేడి

అక్వేరియం కొన్నరోజే చేపల్ని వదలొద్దు. వాటి విసర్జనతో పుట్టే అమ్మోనియా వాటికే విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ముందు ఫిల్టర్‌లో స్థిరపడాలి. వాటికి కావలసిన అమ్మోనియా కోసం చిటికెడు చేపల మేత వేస్తే చాలు, అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. బ్యాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఈ సూక్ష్మజీవులు 25 నుంచి 30 డిగ్రీల నీటిలో చురుగ్గా పెరుగుతాయి. 10 డిగ్రీల దగ్గర బాగా నెమ్మదిస్తాయి. మే నెల విశాఖలో హీటర్ దండగే. డిసెంబరు హైదరాబాదులో మాత్రం పెట్టడమే మంచిది. అలాగని మరీ కాచకండి: నీరు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, బ్యాక్టీరియాకు అదీ కావాలి. గాలి పంపు రాత్రిళ్లూ ఆపకండి, అది కాల్చే కరెంటు స్వల్పమే. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాక వేడి తగ్గించుకోవచ్చు. గోల్డ్‌ఫిష్‌కు 20, 22 డిగ్రీలు చాలు.